రెండు జెర్సీలు, రెండు ఫైనల్స్: లూయిస్ మోంటీ దేశం మారడం వెనక ఏముంది?

ఆస్ట్రేలియా తరఫున 2019లో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడిన రయన్ విలియమ్స్ 2025లో భారత పౌరసత్వం తీసుకోవడంతో మన ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒక పాత సందేహం మళ్లీ లేచింది. ఒక దేశం జెర్సీ వేసుకున్నవాడు ఇంకో దేశానికి ఎలా ఆడతాడు? ఆడితే అది సరైనదేనా? ఈ ప్రశ్నకు ఫిఫా నిబంధనల పుస్తకంలో జవాబు ఉంది. కానీ ఆ నిబంధనలు అలా ఎందుకు తయారయ్యాయో తెలియాలంటే తొంభై ఏళ్లు వెనక్కి, లూయిస్ మోంటీ దగ్గరికి వెళ్లాలి.

మోంటీ పేరు మన దగ్గర పెద్దగా వినిపించదు. వినిపించినా ఒకటే కథ: ఒక ఫైనల్లో గెలిస్తే చంపేస్తామన్నారు, ఇంకో ఫైనల్లో ఓడితే చంపేస్తామన్నారు. కథ రంజుగా ఉంటుంది. కానీ అతను దేశం ఎందుకు మారాడో, ఎలా మారగలిగాడో ఆ కథ చెప్పదు.

క్లుప్తంగా

మోంటీ 1930 ప్రపంచకప్ ఫైనల్ అర్జెంటీనాకు ఆడి ఓడాడు. 1934 ఫైనల్ ఇటలీకి ఆడి గెలిచాడు. రెండు వేర్వేరు దేశాల తరఫున ప్రపంచకప్ ఫైనల్ ఆడినవాడు ఇప్పటికీ అతనొక్కడే. అతన్ని ఇటలీకి చేర్చినవి మూడు: అర్జెంటీనాలో ఆటగాడికి చట్టబద్ధమైన జీతం, కాంట్రాక్టు లేకపోవడం; ఇటలీ లీగ్ విదేశీయులను నిషేధిస్తూనే ఇటాలియన్ రక్తం ఉన్నవారికి తలుపు తెరిచి ఉంచడం; ఒకసారి ఒక దేశానికి ఆడితే ఇక అంతే అనే కట్టుబాటు అప్పటికి ఫిఫాలో గట్టిగా లేకపోవడం. వీటిలో మూడోది మూసుకోవడానికి 1962 ప్రపంచకప్ దాకా ఆగాల్సి వచ్చింది.

మోంటీ కంటే ముందు

రెండు దేశాలకు ఆడటం మోంటీతో మొదలవలేదు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ పుట్టిన నాలుగేళ్లలోపే ఇది మొదలైంది. జాన్ హాలీ ఎడ్వర్డ్స్ 1874లో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్‌కు ఆడాడు. 1876 మార్చిలో వేల్స్ తన చరిత్రలో తొలి మ్యాచ్ గ్లాస్గోలో ఆడినప్పుడు అదే ఎడ్వర్డ్స్ వేల్స్ జట్టులో ఉన్నాడు. ఆ మ్యాచ్‌లో వేల్స్ 0-4తో ఓడింది. అతను పుట్టిన ష్రూస్‌బరీ వేల్స్ సరిహద్దుకు దగ్గర్లోని ఇంగ్లిష్ పట్టణం. అప్పట్లో వేల్స్ జట్టు కోసం పత్రికలో ప్రకటన ఇచ్చి ఆటగాళ్లను వెతుక్కున్నారు కాబట్టి, ఎవరు ఏ దేశపువారన్నది పెద్ద పట్టింపు కాలేదు.

అంతకన్నా విచిత్రం జాక్ రేనాల్డ్స్‌ది. బ్లాక్‌బర్న్‌లో పుట్టి, సైన్యంలో చేరి, ఐర్లండ్‌లో పోస్టింగ్ మీద ఉన్నప్పుడు బెల్‌ఫాస్ట్‌లో ఆడుతూ పేరు తెచ్చుకున్నాడు. 1890, 1891లలో ఐర్లండ్‌కు ఐదు మ్యాచ్‌లు ఆడాడు. 1890లో ఇంగ్లండ్ చేతిలో ఐర్లండ్ 1-9తో చిత్తయిన మ్యాచ్‌లో ఐర్లండ్ కొట్టిన ఆ ఒక్క గోల్ ఇతనిదే. తర్వాత ఇంగ్లండ్ క్లబ్‌లకు వచ్చాక, పుట్టింది ఇంగ్లండ్‌లోనని బయటపడింది. 1892 నుంచి 1897 వరకు ఇంగ్లండ్‌కు ఎనిమిది మ్యాచ్‌లు ఆడాడు. సెల్ఫ్ గోల్స్ పక్కన పెడితే ఇంగ్లండ్ మీదా, ఇంగ్లండ్ తరఫునా గోల్ కొట్టిన ఆటగాడిగా అతని పేరే చెబుతారు. రాబర్ట్ ఎవాన్స్‌దీ ఇదే దారి. చెస్టర్‌లో పుట్టి వేల్స్‌లో పెరిగాడు. వేల్స్‌కు పది మ్యాచ్‌లు ఆడాక, పుట్టిన ఊరి లెక్కతో 1911లో ఇంగ్లండ్ అతన్ని తనవైపు తీసుకుంది.

ఈ ముగ్గురి విషయంలోనూ సమస్య కాగితాలది. బ్రిటన్‌లో నాలుగు జట్లున్నా పౌరసత్వం ఒకటే, సింహాసనం ఒకటే. పుట్టిన ఊరు ఎటువైపు పడితే అటు. అందులో డబ్బు పాత్ర గానీ, ప్రభుత్వం పాత్ర గానీ లేదు. మోంటీ దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ వచ్చి చేరాయి. అసలు తేడా అక్కడే ఉంది.

బ్యూనస్ ఎయిరిస్ సెంటర్ హాఫ్

మోంటీ 1901 మే 15న బ్యూనస్ ఎయిరిస్‌లో పుట్టాడు. పూర్వీకులు ఇటలీలోని రొమాన్యా ప్రాంతం వాళ్లు. అప్పటి బ్యూనస్ ఎయిరిస్‌లో ఇది వింతేం కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లక్షల మంది ఇటాలియన్లు ఓడలెక్కి ఆ రేవులో దిగారు. జట్టులో సగం ఇంటిపేర్లు ఇటాలియన్ పేర్లే.

హురాకాన్‌లో మొదలుపెట్టి 1922లో శాన్ లోరెంజో క్లబ్‌కు వెళ్లాడు. అక్కడ 1923, 1924, 1927లలో లీగ్ గెలిచాడు. 1927లో దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో రజతం. ఆ ఒలింపిక్ ఫైనల్ మొదట 1-1తో డ్రా అయింది. మళ్లీ ఆడిన మ్యాచ్‌లో ఉరుగ్వే 2-1తో గెలిచింది. అర్జెంటీనా కొట్టిన ఆ ఒక్క గోల్ మోంటీది.

మనిషి కట్టు గట్టిది. మైదానంలో రెండింతల జాగా ఆక్రమించేవాడని ‘డబుల్ వెడల్పు’ అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు. టాకిల్ మొరటు, పాస్ మాత్రం సున్నితం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే తర్వాత ఇటలీకి పనికొచ్చింది.

1930లో ఉరుగ్వేలో తొలి ప్రపంచకప్. జూలై 15న ఫ్రాన్స్‌తో మ్యాచ్ 81వ నిమిషం దాకా గోల్ లేకుండా సాగింది. అప్పుడు ఫ్రీకిక్ నుంచి మోంటీ కొట్టాడు. ప్రపంచకప్ చరిత్రలో అర్జెంటీనా తొలి గోల్ అదే. (ఆ మ్యాచ్‌లో రెఫరీ ఆరు నిమిషాలు ముందే విజిల్ వేసి, గొడవయ్యాక ఆటగాళ్లను మళ్లీ వెనక్కి పిలిచాడు. తొలి ప్రపంచకప్ అలా నడిచింది.) అదే మ్యాచ్‌లో మోంటీ టాకిల్‌కు ఫ్రాన్స్ ఆటగాడు లూసియెన్ లొరాన్ గాయపడ్డాడు. ప్రపంచకప్‌లో మొట్టమొదటి గోల్ కొట్టిన లొరాన్ అతనే. సెమీఫైనల్లో అమెరికాను 6-1తో ఓడించిన మ్యాచ్‌లోనూ మోంటీ గోల్ ఉంది.

1930 జూలై 30

ఫైనల్ మోంటెవిడియోలోని సెంటెనారియో స్టేడియంలో జరిగింది. ఏ దేశపు బంతితో ఆడాలన్న దగ్గరే పేచీ వచ్చింది. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. విరామానికి అర్జెంటీనా 2-1తో ముందుంది. చివరకు ఉరుగ్వే 4-2తో గెలిచింది.

మోంటీ ఆ రోజు నీరసంగా ఆడాడన్న మాట అప్పటి నుంచీ ఉంది. మ్యాచ్‌కు ముందు అతనికి చంపేస్తామని బెదిరింపులు వచ్చాయని కూడా చెబుతారు. నది దాటి వచ్చిన అర్జెంటీనా జట్టు మీద ఆ రోజుల్లో ఒత్తిడి ఎంత ఉండేదో చూస్తే ఇది నమ్మశక్యం కానిదేం కాదు. ఆ బెదిరింపుల వెనక ఇటలీ మనుషులే ఉన్నారని, మోంటీని అర్జెంటీనాలో దోషిగా నిలబెట్టి తమవైపు లాక్కోవడానికే ఇలా చేశారని తర్వాతి కాలంలో మరో కథ పుట్టింది. దానికి గట్టి రుజువేమీ లేదు. పైగా మోంటీ ఇటలీ వెళ్లడాన్ని వివరించడానికి ఆ కుట్ర అవసరమే లేదు. అతని కంటే ముందే అదే దారిన వెళ్లినవాళ్లున్నారు. వాళ్లనెవరూ బెదిరించలేదు.

ఓటమి తర్వాత సొంత పత్రికలూ, అభిమానులూ అతన్ని వేలెత్తి చూపారు. ఇల్లు వదిలి వెళ్లడానికి ఇది ఒక కారణం అయ్యుండవచ్చు. కానీ వదిలి వెళ్లాలనుకోవడం వేరు, వెళ్లగలగడం వేరు.

జీతం లేని ఆట, ఆపలేని క్లబ్

1930లో అర్జెంటీనా ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్. అంటే ఆటగాడికి జీతం ఇవ్వకూడదు. నిజానికి క్లబ్‌లు చాటుగా డబ్బులిచ్చేవి, లేదంటే ఏదో ఒక ఉద్యోగం చూపించేవి. ఈ దొంగాటలో ఇద్దరికీ నష్టమే. ఆటగాడికి చట్టబద్ధమైన కాంట్రాక్టు లేదు కాబట్టి భద్రత లేదు. దేశం లోపల మాత్రం క్లబ్ అనుమతి లేకుండా వేరే క్లబ్‌కు వెళ్లలేడు. క్లబ్‌కూ కాంట్రాక్టు లేదు కాబట్టి, ఆటగాడు విదేశానికి వెళ్తానంటే ఆపే అధికారం లేదు, బదులుగా ట్రాన్స్‌ఫర్ సొమ్ము అడిగే హక్కూ లేదు. ఇంట్లో కట్టేసినట్టుంటుంది, వీధి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంటుంది.

1931 ఏప్రిల్‌లో ఆటగాళ్లు సమ్మె చేశారు. క్లబ్ మారే స్వేచ్ఛ కావాలన్నది వాళ్ల కోరిక. దానికి జవాబుగా మే నెలలో పెద్ద క్లబ్‌లు సమాఖ్య నుంచి బయటికొచ్చి వృత్తిపరమైన లీగ్ పెట్టుకున్నాయి. జీతాలు చట్టబద్ధమయ్యాయి. మోంటీకి అప్పటికే ముప్పై ఏళ్లు. అదే సమయంలో ఆర్థికమాంద్యం, 1930 సెప్టెంబరులో సైనిక తిరుగుబాటు. లీగ్ కుదుటపడే దాకా ఆగే వయసు అతనికి లేదు.

టురిన్‌లో పరిస్థితి వేరు. యువెంటస్ క్లబ్ వెనక ఫియట్ కార్ల కంపెనీ యజమానులైన ఆన్యెల్లి కుటుంబం ఉంది. మోంటీతో కలిసి ఒలింపిక్స్ ఆడిన వింగర్ రైముందో ఓర్సీని వాళ్లు 1928లోనే తీసుకెళ్లారు. అతనికి నెలకు 8,000 లీరాలు, ఒక ఫియట్ కారు ఇచ్చారని చెబుతారు. సహచరుడికి అందిన ఆ మొత్తం గురించి బ్యూనస్ ఎయిరిస్ ఆటగాళ్లు మాట్లాడుకోకుండా ఉంటారా?

విదేశీయులకు నిషేధం, మోంటీకి స్వాగతం

పాఠకులకు ఎక్కువ తికమక కలిగించేది ఇక్కడే. ముస్సోలినీ కాలపు ఇటలీ లీగ్‌లో విదేశీయులు ఆడటం నిషేధం. అలాంటప్పుడు 1931లో ఒక అర్జెంటీనావాడు యువెంటస్‌కు ఎలా ఆడాడు?

1926లో వచ్చిన వియారెజ్జో పత్రం ఇటలీ ఫుట్‌బాల్‌ను తిరగరాసింది. ఆటగాళ్లకు డబ్బివ్వడాన్ని ఒక రకంగా ఒప్పుకుంది, జాతీయ లీగ్‌కు దారి వేసింది, కొద్ది గడువిచ్చి విదేశీ ఆటగాళ్లకు పూర్తిగా గేటు మూసింది. అంతకుముందు ఇటలీ క్లబ్‌లలో పదుల సంఖ్యలో ఉన్న హంగేరీ, ఆస్ట్రియా ఆటగాళ్లు వెళ్లిపోవాల్సి వచ్చింది. క్లబ్‌ల దగ్గర డబ్బుంది, నైపుణ్యం కావాలి, బయటివాళ్లను తెచ్చుకోకూడదు. అయితే ‘బయటివాడు’ ఎవరన్నది ఫుట్‌బాల్ నియమం తేల్చలేదు. అది పౌరసత్వ చట్టం పని.

1912 నాటి ఇటలీ పౌరసత్వ చట్టం రక్తసంబంధం మీద నడిచేది. తండ్రి ఇటలీ పౌరుడైతే కొడుకు ఎక్కడ పుట్టినా ఇటలీ పౌరుడే. అర్జెంటీనా చట్టం నేల మీద నడిచేది. ఆ నేల మీద పుడితే అర్జెంటీనా పౌరుడు. బ్యూనస్ ఎయిరిస్‌లో ఇటాలియన్ తండ్రికి పుట్టిన పిల్లాడి మీద రెండు చట్టాలూ ఒకేసారి వర్తిస్తాయి, ఒకదాన్నొకటి కొట్టేయవు. వలస వెళ్లినవారి సంతానంతో బంధం తెగకూడదని ఇటలీ కావాలనే అలా రాసుకుంది.

అంటే యువెంటస్ లెక్కలో మోంటీ విదేశీయుడే కాడు, ఇల్లు వదిలి దూరంగా ఉన్న ఇటాలియన్. ఇలా వచ్చినవారిని అక్కడ ఒరియుందీలు అంటారు. నిషేధం బుడాపెస్ట్ దారి మూసింది కాబట్టి డబ్బంతా బ్యూనస్ ఎయిరిస్, మోంటెవిడియో, సావో పావ్లోల వైపు మళ్లింది. విదేశీయులను బయట పెట్టాలని చేసిన నియమం వల్లే దక్షిణ అమెరికా ఆటగాళ్లు వరసగా వచ్చారన్నమాట. ఫాసిస్టు ప్రభుత్వానికి ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. ప్రపంచంలో ఎక్కడున్నా ఇటాలియన్ ఇటాలియనే అన్నది వాళ్ల ప్రచారం కూడా.

టురిన్‌లో రెండో జీవితం

1931లో టురిన్ చేరిన మోంటీ బరువు పెరిగి, ఆటకు దూరమై ఉన్నాడు. వయసు ముప్పై. ఆ స్థితిలో వచ్చినవాణ్ని ఏ క్లబ్ అయినా ఏడాదికి వదిలించుకునేదే. ఒళ్లొంచి ఒంటరిగా శిక్షణ చేసి బరువు తగ్గి మళ్లీ ఆటలో పడ్డాడు. 1931-32 నుంచి 1934-35 వరకు వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచిన యువెంటస్ జట్టుకు అతనే వెన్నెముక.

ఎందుకు అంత ముఖ్యమయ్యాడో తెలియాలంటే అప్పటి ఆట ఎలా ఉండేదో కొంచెం చూడాలి. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతకుముందు దాడి చేసేవాడికీ గోల్ లైన్‌కీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి, ఇప్పుడు ఇద్దరు చాలు. గోల్స్ పెరిగాయి. దానికి ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ క్లబ్ కనిపెట్టిన విరుగుడు, మధ్యలో ఉండే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి మూడో డిఫెండర్‌గా నిలబెట్టడం. అలా నిలబెడితే అతను అడ్డుకుంటాడు, అంతే. ఆట నడపడు.

ఇటలీ కోచ్ విట్టోరియో పోజోకు ఆ పద్ధతి నచ్చలేదు. వెనక ఇద్దరు డిఫెండర్లనే ఉంచాడు. సెంటర్ హాఫ్‌ను మధ్యలోనే, అయితే కాస్త వెనకగా ఆడించాడు. ముందున్న ఐదుగురు ఫార్వర్డ్‌లలో ఇద్దరిని కిందికి దించాడు. దీన్నే మెతోదో అన్నారు. ఈ పద్ధతిలో సెంటర్ హాఫ్‌కు రెండు ఉద్యోగాలు. ప్రత్యర్థి దాడికి వస్తే వాళ్ల సెంటర్ ఫార్వర్డ్‌ను పట్టుకోవాలి. బంతి దొరికిన మరుక్షణం తల ఎత్తి, దూరంగా వింగ్‌లో ఉన్న ఓర్సీకో, గువాయితాకో పొడవాటి పాస్ వేయాలి. ఒకటి చేయగలిగినవాళ్లు ఇటలీలో చాలామంది ఉన్నారు. రెండూ ఒకే నిమిషంలో చేయగలిగినవాడు మోంటీ. పరుగులో వేగం తగ్గినా ఈ పనికి అడ్డు కాలేదు, ఎందుకంటే ఇందులో పరుగెత్తాల్సింది బంతి.

1932లో ఇటలీ జాతీయ జట్టులోకి వచ్చాడు. అర్జెంటీనాకు 16 మ్యాచ్‌లు ఆడినవాడు ఇటలీకి 18 ఆడాడు.

1934: రెండో ఫైనల్

ఆతిథ్య దేశమైనా ఇటలీ ఆ ప్రపంచకప్‌కు అర్హత మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. గ్రీస్‌ను 4-0తో ఓడించింది. టోర్నీ జట్టులో దక్షిణ అమెరికాలో పుట్టినవాళ్లు ఐదుగురు: అర్జెంటీనా నుంచి మోంటీ, ఓర్సీ, గువాయితా, దెమరియా, బ్రెజిల్ నుంచి గువారిసీ. వీరిలో దెమరియా 1930లో అర్జెంటీనా ప్రపంచకప్ జట్టులో ఉన్నవాడే. కానీ రెండు ఫైనల్స్‌లోనూ మైదానంలోకి దిగింది మోంటీ ఒక్కడే.

క్వార్టర్ ఫైనల్లో స్పెయిన్‌తో 1-1 డ్రా, మర్నాడే మళ్లీ ఆడి 1-0 గెలుపు. రెండు మ్యాచ్‌లూ కొట్లాటకు తక్కువ కాదు. సెమీఫైనల్ మిలాన్‌లో ఆస్ట్రియాతో. ఆనాటి యూరప్‌లో అందరూ భయపడే జట్టు అది. దాని గుండెకాయ సెంటర్ ఫార్వర్డ్ మతియాస్ సిందెలార్. పేపర్ మనిషి అనేవారు, అంత సన్నగా జారిపోయేవాడు. అతన్ని కదలనివ్వకుండా చేసే పని మోంటీకి పడింది. బురద మైదానంలో సిందెలార్ ఆట సాగలేదు. గువాయితా గోల్‌తో ఇటలీ 1-0తో గెలిచింది.

జూన్ 10న రోమ్‌లో ఫైనల్. చెకొస్లొవాకియా మొదట గోల్ కొట్టింది. ఇక పది నిమిషాలే ఉన్నాయనగా ఓర్సీ సమం చేశాడు. అదనపు సమయంలో ష్యావియో గెలుపు గోల్ కొట్టాడు. ఇటలీని ఓటమి అంచు నుంచి లాగినవాడు ఆరేళ్ల కిందట అర్జెంటీనాకు ఒలింపిక్ రజతం తెచ్చినవాళ్లలో ఒకడు.

ముస్సోలినీ కళ్లెదుట ఆడిన ఆ ఫైనల్లో ఓడితే ప్రాణానికి ముప్పని మోంటీ భావించాడన్న కథ ఇక్కడ వస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు రెండు ఫైనల్స్‌నూ కలిపి చెబితే వినడానికి బాగుంటుంది. అయితే 1930లో ఒత్తిడి స్టాండ్స్‌లోని జనం నుంచి వచ్చింది, 1934లో ప్రభుత్వం నుంచి. రెండింటినీ ఒక గాటన కట్టేస్తే ఆ నాలుగేళ్లలో ఫుట్‌బాల్ ఎంతగా మారిందో కనబడకుండా పోతుంది.

హైబరీలో రెండు నిమిషాలు

మోంటీ విలువ ఎంతో అతను ఆడిన మ్యాచ్‌లకన్నా, ఆడలేకపోయిన ఒక మ్యాచ్ బాగా చూపిస్తుంది. 1934 నవంబరు 14న ప్రపంచ విజేత ఇటలీ లండన్‌లోని హైబరీలో ఇంగ్లండ్‌తో తలపడింది. ఇంగ్లండ్ జట్టులో ఏడుగురు ఆర్సెనల్ ఆటగాళ్లు. ఆట మొదలైన కొద్ది నిమిషాల్లోనే టెడ్ డ్రేక్‌తో ఢీకొని మోంటీ పాదం ఎముక విరిగింది.

అప్పట్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు. జట్టు పదిమందికి పడిపోయింది, పైగా తగ్గిన ఆ ఒక్కడు మెతోదోకు ఇరుసు లాంటివాడు. వెనక ఇద్దరు డిఫెండర్ల ముందు ఖాళీ ఏర్పడింది. సెంటర్ ఫార్వర్డ్‌ను పట్టుకునేవాడు లేడు. పన్నెండో నిమిషానికల్లా ఇంగ్లండ్ 3-0. సర్దుకున్నాక ఇటలీ రెండో సగంలో మెయాజ్జా రెండు గోల్స్‌తో 3-2 దాకా లాక్కొచ్చింది. పదిమందితో అంత ఆడగలిగినవాళ్లు మొదటి పావుగంటలో మూడు గోల్స్ ఇచ్చుకున్నారంటే మధ్యలో ఎవరు లేకపోవడం వల్లో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత మోంటీ అంతర్జాతీయ ఆట 1936తో ముగిసింది. 1938లో ఇటలీ మళ్లీ ప్రపంచకప్ గెలిచినప్పుడు అతని స్థానంలో ఆడిన మిచెలే ఆంద్రెయోలో కూడా ఇటలీలో పుట్టినవాడు కాదు, ఉరుగ్వేలో పుట్టినవాడు.

పాస్‌పోర్టుకు ఇంకో వైపు

ఒరియుందీలను ఆడించడంపై ఇటలీలోనూ విమర్శ ఉండేది. పోజో సమాధానం ఒకటే: ఇటలీ కోసం సైన్యంలో చేరాల్సిన బాధ్యత ఉన్నవాడు ఇటలీ కోసం ఫుట్‌బాల్ ఆడితే తప్పేంటి? వాదన గట్టిదే. కాకపోతే ఆ బాధ్యత నిజంగా మెడకు చుట్టుకునే రోజు తొందరగానే వచ్చింది.

1935లో ఇటలీ అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద యుద్ధానికి సిద్ధమైంది. సైన్యంలోకి పిలుపు వస్తుందన్న భయంతో ఆ సెప్టెంబరులో రోమా క్లబ్ ఆటగాళ్లు గువాయితా, స్కోపెల్లీ, స్తన్యారో దేశం వదిలి పారిపోయారు. అంతకుముందు సీజన్‌లోనే గువాయితా 28 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్. ప్రపంచ విజేత రాత్రికి రాత్రి పరారీలో ఉన్నవాడయ్యాడు. కొడుకు ఎక్కడున్నా ఇటాలియనే అన్న చట్టం జీతంతో పాటు తుపాకీ కూడా ఇస్తుందని అప్పుడు అర్థమైంది. మోంటీ మాత్రం ఉండిపోయాడు. ఆట మానాక కోచ్‌గానూ ఇటలీలో పనిచేశాడు. 1983లో మరణించాడు.

అర్జెంటీనా వైపు నష్టం ఇంకో రూపంలో కనిపించింది. 1934 ప్రపంచకప్‌కు ఆ దేశం పంపింది అమెచ్యూర్ జట్టును. వృత్తిపరమైన లీగ్ ఫిఫా గుర్తింపు ఉన్న సమాఖ్యలో లేకపోవడం ప్రధాన కారణం. మంచి ఆటగాళ్లను ఇటలీ పంపితే వెనక్కి రారన్న భయం కూడా ఉందని చెబుతారు. ఆ జట్టు స్వీడన్‌తో ఒకే మ్యాచ్ ఆడి 2-3తో ఓడి ఇంటికొచ్చింది. నాలుగేళ్ల కిందటి రన్నరప్ పరిస్థితి అది.

తలుపు ఎప్పుడు మూశారు?

మోంటీ తర్వాత కూడా ఈ దారి చాలా ఏళ్లు తెరిచే ఉంది. కుబాలా అనే ఫార్వర్డ్ చెకొస్లొవాకియా, హంగేరీ, స్పెయిన్ మూడింటికీ ఆడాడు. 1962 చిలీ ప్రపంచకప్ నాటికి ఇది కొట్టొచ్చినట్టు కనబడింది. హంగేరీ దిగ్గజం పుష్కాష్, 1954లో ఉరుగ్వేకు ఆడిన సంతమారియా స్పెయిన్ జెర్సీలో దిగారు. 1958లో బ్రెజిల్‌తో కప్పు గెలిచిన అల్తఫీనీ, అర్జెంటీనా మాజీ ఆటగాళ్లు సీవోరి, మస్కియో ఇటలీకి ఆడారు. డబ్బున్న లీగ్‌లకు జాతీయ జట్లు కూడా కొనుక్కునే వస్తువుల్లా తయారయ్యాయన్న అభిప్రాయం బలపడింది. ఆ టోర్నీ తర్వాత ఫిఫా ఒక దేశపు సీనియర్ జట్టుకు అధికారిక మ్యాచ్ ఆడినవాడు ఇంకో దేశానికి ఆడకుండా కట్టడి చేసింది.

తర్వాత సడలింపులు మెల్లగా వచ్చాయి. 2004లో, జూనియర్ స్థాయిలో మాత్రమే ఆడినవారికి 21 ఏళ్లలోపు మారే అవకాశం. 2009లో ఆ వయసు హద్దు పోయింది. 2020లో ఇంకో మెట్టు: 21 ఏళ్లు నిండకముందు సీనియర్ జట్టుకు మూడు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే, అవి ప్రపంచకప్ లేదా ఖండస్థాయి ప్రధాన టోర్నీ మ్యాచ్‌లు కాకపోతే, చివరి మ్యాచ్ తర్వాత మూడేళ్లు గడిస్తే మారవచ్చు. స్నేహపూర్వక మ్యాచ్‌లు మాత్రమే ఆడినవారికి, పౌరసత్వ షరతులకు లోబడి, దారి ఉంది. దేశమే ముక్కలైతే లెక్క వేరు: ప్రొసినెచ్కీ 1990లో యుగోస్లావియాకు, 1998లో క్రొయేషియాకు ప్రపంచకప్‌లో గోల్స్ కొట్టాడు. కానీ ప్రపంచకప్ ఫైనల్ ఆడినవాడు నాలుగేళ్లకు వేరే దేశంతో ఫైనల్ ఆడటం ఇప్పటి నిబంధనల్లో కుదిరే పని కాదు. మోంటీ రికార్డు అందుకే పదిలం.

మన దగ్గర లెక్క

సరిగ్గా మోంటీ కాలంలోనే మనకు తెలిసిన ఒక ఉదాహరణ క్రికెట్‌లో ఉంది. ఇఫ్తికార్ అలీఖాన్ పటౌడీ 1932లో ఇంగ్లండ్ తరఫున సిడ్నీలో తొలి టెస్టులోనే సెంచరీ కొట్టి, 1946లో భారత జట్టుకు కెప్టెన్‌గా అదే ఇంగ్లండ్ వెళ్లాడు. అది రేనాల్డ్స్ తరహా. ఒకే సామ్రాజ్యం కింద రెండు జట్లు, కాగితాల్లో ఏమీ మారలేదు.

మోంటీ తరహా భారత్‌లో సాధ్యం కాదు, ఎందుకంటే మన చట్టం ఇటలీ చట్టానికి ఎదురుగా నడుస్తుంది. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం స్వచ్ఛందంగా వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు వీసా బాధ తప్పిస్తుంది గానీ పౌరసత్వం కాదు. 2008లో కేంద్ర క్రీడాశాఖ భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ఆడాలని తేల్చింది. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజూమి అందుకే జపాన్ పాస్‌పోర్టు వదులుకుని, 2013లో భారత్ తరఫున ఆడాడు. విలియమ్స్ కూడా ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకునే వచ్చాడు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి అక్కడి అకాడమీల్లో ఆడుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అమెరికా ఆ పిల్లలకు నేల ద్వారా పౌరసత్వం ఇస్తుంది, అర్జెంటీనా మోంటీకి ఇచ్చినట్టే. తేడా అంతా రెండో వైపు. వాళ్లు భారత్‌కు ఆడాలంటే ఓసీఐగా నమోదై ఐదేళ్లు గడవాలి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివాసం ఉండాలి, చివరికి అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. పద్దెనిమిదేళ్ల వయసులో, కెరీర్ ఎటు పోతుందో తెలియని రోజుల్లో తీసుకోవాల్సిన నిర్ణయం అది. ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించే దేశాలు ప్రవాసుల పిల్లలతో జాతీయ జట్లు నింపుకుంటుంటే భారత్ ఒక్కొక్కరి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావడానికి ఫిఫా కారణం కాదు, మన పౌరసత్వ చట్టమే కారణం.